ఆఫీసులో రీఫ్ ట్యాంక్ పెట్టిద్దామనుకుంటున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి

ముందే అసలు సంగతి చెప్పేస్తాను. మా ఆఫీసు రిసెప్షన్‌లో రీఫ్ అక్వేరియం, అంటే బతికున్న పగడాలతో సముద్రపు నీళ్ల ట్యాంకు, పెడతానని ఒకాయన 9 లక్షల 40 వేలకు కొటేషన్ ఇచ్చాడు. పని పూర్తి కాకముందే 80 శాతం తీసుకున్నాడు. ఆ ట్యాంకులో రీఫ్ సాల్ట్ (సముద్రపు నీళ్లు తయారుచేసే ప్రత్యేకమైన ఉప్పు) బదులు కళ్లుప్పు కలిపాడు. అవును, మన ఊరగాయల్లో వేసే కళ్లుప్పే. పైగా కాగితాల్లేని పగడాలు తెచ్చి పెట్టి కంపెనీని వన్యప్రాణి కేసు అంచుదాకా తీసుకెళ్లాడు. లీగల్ నోటీసు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పద్ధతి చెబుతాను, మీ దగ్గరికి అలాంటివాడు వస్తే మీకే తెలిసిపోతుంది.

నేను హైదరాబాద్‌లో ఒక మోస్తరు ఐటీ కంపెనీకి అడ్మిన్ చూస్తాను. కుర్చీలు, క్యాబ్‌లు, కాఫీ మెషిన్లు నా సబ్జెక్టు. చేపల గురించి నాకు తెలిసింది పులుసు వరకే. మా ఎండీ గారు దుబాయ్ వెళ్లి, అక్కడి మాల్‌లో కోటి లీటర్ల అక్వేరియం చూసి వచ్చారు. వచ్చిన సోమవారమే నన్ను పిలిచి "మన రిసెప్షన్‌లో కూడా ఒకటి పెడదాం, చిన్నదే" అన్నారు. ఆ చిన్నది కాస్తా 8 అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, రెండున్నర ఎత్తు అయింది. అంటే 1400 లీటర్లు.

ముగ్గురి దగ్గర కొటేషన్లు తీసుకున్నాను. ఒకాయన 16 లక్షలన్నాడు, మూడు నెలలు పడుతుందన్నాడు, పైగా బోలెడు ప్రశ్నలడిగాడు. ఫ్లోర్ ఎన్నోది, శనివారం ఆదివారం ఏసీ ఉంటుందా, జనరేటర్ లైన్ ఎక్కడుంది, ఆర్ఓ నీళ్లు రోజుకు ఎన్ని లీటర్లు ఇవ్వగలరు. నాకు చిరాకేసింది. చివరికి పని ఒప్పుకున్న మా వాడు మాత్రం ఒక్క ప్రశ్నా అడగలేదు. ఫోన్‌లో వీడియోలు చూపించి "సార్, మీరు టెన్షన్ పడకండి, పది రోజుల్లో ఇనాగరేషన్ పెట్టుకోండి" అన్నాడు. ఎండీ గారికి నచ్చింది, పీఓ (కొనుగోలు ఆర్డరు) ఇచ్చేశాం. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ప్రశ్నలడిగినాయనే మాకు కావలసిన మనిషి.

మొదటి దెబ్బ ట్యాంకు వచ్చిన రోజే తగిలింది. మాది నాలుగో అంతస్తు. గ్లాసు లిఫ్టు దగ్గరికి రాగానే బిల్డింగ్ ఫెసిలిటీ మేనేజర్ ఆపేసి, స్ట్రక్చరల్ ఇంజనీర్ లెటర్ ఏదన్నాడు. లెటరేంటో నాకు తెలియదు, మా వాడు "ఇలాంటివి ఎన్నో పెట్టాం" అన్నాడు. అప్పుడు ఆ మేనేజరే కాగితం మీద లెక్క వేసి చూపించాడు. నీళ్లే 1400 కిలోలు. 19 ఎంఎం గ్లాసు 300 పైనే. రాళ్లు, ఇసుక, స్టాండు, కింద సంప్‌లో (ఫిల్టర్, పంపు ఉండే చిన్న తొట్టిలో) ఇంకో 250 లీటర్లు, మొత్తం రెండున్నర టన్నులకు దగ్గర. అది నిలబడే జాగా రెండు చదరపు మీటర్లు కూడా లేదు. ఆఫీసు ఫ్లోర్లను మామూలుగా చదరపు మీటరుకు 250 నుంచి 400 కిలోలకు డిజైన్ చేస్తారట. ఇంజనీర్ వచ్చి, డ్రాయింగులు చూసి, రిసెప్షన్ మధ్యలో కాదని పిల్లర్ పక్కన, బీమ్ మీదికి జరిపించాడు. ఆ ఫీజు మాదే. ఆ మేనేజర్ అడ్డుపడకపోతే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ఇష్టం లేదు.

తర్వాత నీళ్లు. ప్యాంట్రీ పక్కన ట్యాప్‌కి పైపు తగిలించి బోరు నీళ్లే పట్టారు. మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 740. రీఫ్ ట్యాంకుకు సున్నా చూపించే నీళ్లు కావాలని, అందుకు ఆర్ఓ తర్వాత ఇంకో ఫిల్టర్ ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. కొటేషన్‌లో ఆ యూనిట్‌కి 38 వేలు వేశాడు కూడా. యూనిట్ వచ్చింది, స్టాండు కింద పెట్టారు. ఒక్క పైపూ దానికి తగిలించలేదు.

ఐదో రోజుకల్లా చేపలు దించేశాడు, 24. క్లౌన్‌లు, బ్లూ ట్యాంగ్‌లు, పేర్లు తెలియని పసుపుపచ్చవి. కొత్త ట్యాంకులో బ్యాక్టీరియా ఎదిగి, చేపల వ్యర్థం నుంచి వచ్చే, చేపల్నే చంపే అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చడం మొదలుపెట్టాలి. దానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మా వాడు ఒక సీసాలోది పోసి "సైక్లింగ్ అయిపోయింది సార్" అన్నాడు. కొబ్బరికాయ కొట్టాం, ఫొటోలు దిగాం. వారం తిరక్కుండానే చేపలు పైకొచ్చి ఊపిరి కోసం నోళ్లు ఆడించడం మొదలుపెట్టాయి. బ్లూ ట్యాంగ్‌ల ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు. మూడు వారాల్లో 17 పోయాయి. పొద్దున్నే వచ్చిన సెక్యూరిటీ అతను నాకు ఫోన్ చేసి "సార్, ఇంకోటి జాలీకి అతుక్కుంది" అని చెప్పడం రోజువారీ రిపోర్టులా తయారైంది. అడిగితే "చేపలన్నాక పోతుంటాయి సార్, మళ్లీ వేద్దాం" అని దానికీ బిల్లు పంపాడు.

ఇక పగడాలు. నన్ను ఎక్కువగా బాధించింది ఇదే. వచ్చిన రోజు చాలా అందంగా ఉన్నాయి, అబద్ధం చెప్పను. ఒకటి గుండ్రంగా, మెదడులా మడతలు మడతలుగా, ఆకుపచ్చగా ఉండేది. నీలం లైటు కింద వెలిగేది. నేను రోజూ టీ కప్పుతో దాని ముందు నిలబడేవాణ్ని. పది రోజులకు దాని కండ అంచుల నుంచి వెనక్కి పోవడం మొదలైంది, చిగుళ్లు పళ్లను వదిలేసినట్టు. కింద తెల్లగా గట్టి గూడు కనిపించింది. రిసెప్షన్ అమ్మాయి "సార్, ఇవి తెల్లగా అవుతున్నాయి, అంతేనా?" అని అడిగింది. మా వాణ్ని అడిగితే కొత్త చోటు కదా, అలవాటు పడతాయన్నాడు. ఆ వారమే ఒక క్లయింట్ వచ్చి ఆ తెలుపు చూసి "వావ్, ప్యూర్ వైట్!" అని సెల్ఫీ తీసుకున్నాడు. ఆయన సెల్ఫీ దిగింది అస్థిపంజరంతో.

మా టెస్టింగ్ టీమ్‌లో ఒక కుర్రాడికి ఇంట్లో చిన్న రీఫ్ ట్యాంకు ఉందని అప్పుడే తెలిసింది. మొహమాటంతో ఇన్నాళ్లూ చెప్పలేదట. మర్నాడు సంచీలో టెస్ట్ కిట్లు తెచ్చాడు. లంచ్ టైమ్‌లో కాన్ఫరెన్స్ టేబుల్ మీద న్యూస్‌పేపర్ పరిచి, సిరంజీతో నీళ్లు తీసి, పొడి కలిపి, ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టాడు. ముందు నీళ్లలో ఉప్పు ఎంతుందో చూశాడు. మా వాడు వచ్చినప్పుడల్లా ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ నా కంటికి ఆనించి "చూడండి సార్, 1.025, పర్ఫెక్ట్" అనేవాడు. నిజమే, 1.025 ఉంది, అంటే సముద్రపు నీళ్లంత ఉప్పు. తర్వాత మెగ్నీషియం. సముద్రంలో దాదాపు 1300 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) ఉండాలట. రెండు చుక్కలకే రంగు మారిపోయింది. కుర్రాడు నా మొహం చూసి, కిట్ పాడైందేమోనని తన ఇంటి నీళ్లతో మళ్లీ చేశాడు. అక్కడ 1300 వచ్చింది. మాది మళ్లీ చేస్తే 200 చిల్లర. కాల్షియం 420 ఉండాల్సిన చోట సగం కూడా లేదు.

"సార్, వీళ్లు ఏ ఉప్పు వేస్తున్నారు?" అన్నాడు.

వెనక మెట్ల కింద వాళ్ల సామాను పెట్టుకోవడానికి ఇచ్చిన జాగాలోకి వెళ్లి చూశాం. రీఫ్ సాల్ట్ బకెట్లు రెండున్నాయి, విదేశీ బ్రాండువే. మూత తీస్తే లోపల కళ్లుప్పు. పక్కనే తెల్ల ప్లాస్టిక్ సంచులు, మీద కిరాణా టోకు కొట్టు స్టాంపు. గుప్పెట్లోకి తీసుకుంటే చేతికి తడిగా అంటుకుంది, వేళ్ల మధ్య మట్టి రంగు. ఉప్పూ కర్పూరం ఒక్కలా ఉంటాయని చిన్నప్పుడు చదువుకున్నాం, ఉప్పుకీ ఉప్పుకీ మధ్య ఇంత తేడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఈ మోసం ఎలా నడుస్తుందంటే, రిఫ్రాక్టోమీటర్ నీళ్లలో ఎంత ఉప్పు కరిగిందో చెబుతుంది తప్ప అది ఏ ఉప్పో చెప్పదు. కళ్లుప్పు దాదాపు అంతా సోడియం క్లోరైడే. పగడం గూడు కట్టుకోవడానికి కాల్షియం కావాలి, అది నీళ్లలో నిలబడటానికి మెగ్నీషియం కావాలి. మా ట్యాంకుకు మొదటి నింపుడుకే 55 కిలోలకు పైగా ఉప్పు పడుతుంది, ఆపై నెలనెలా నీళ్లు మార్చినప్పుడల్లా మళ్లీ. అసలు ఉప్పు బకెట్ వేలల్లో ఉంటుంది, కళ్లుప్పు ఎంతో మీకు తెలుసు. నెలకు 18 వేల ఏఎంసీ (మెయింటెనెన్స్ కాంట్రాక్టు)లో లాభమంతా అక్కడే. కాబట్టి మీ ట్యాంకువాడు 1.025 చూపిస్తే తలూపి వదిలేయకండి. మెగ్నీషియం, కాల్షియం టెస్ట్ మీ ముందే చేయమనండి, పది నిమిషాల పని. బకెట్ సీల్ మీరే తీయండి.

ఆ కుర్రాడే ఇంకో మాట చెప్పాడు, దాంతో రాత్రి నిద్ర పట్టలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, 2001 నుంచి, గట్టి పగడాలన్నీ మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఫలానా జాతి అని కాదు, ఆ వర్గం మొత్తం. సీ ఫ్యాన్‌లు, సముద్రపు గుర్రాలు కూడా అందులోనే. మన పులి ఉన్న షెడ్యూల్ కూడా అదే. శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు. దొరికేది మన రిసెప్షన్‌లో కాబట్టి ముందు అడిగేది మనల్నే. మా వాణ్ని కాగితాలు అడిగితే "ఇండోనేషియా ఇంపోర్ట్ సార్" అన్నాడు. ఇంపోర్ట్ పేపర్లు రేపిస్తానన్నాడు, ఆ రేపు ఇంకా రాలేదు. బిల్లు తీసి చూస్తే "డెకరేషన్ మెటీరియల్" అని ఉంది. ఇంతకీ ఆ పగడాలు వచ్చిన థర్మోకోల్ పెట్టె మా స్టోర్‌లోనే ఉంది. దాని మీద ప్రైవేటు ట్రావెల్స్ బస్సు పార్సిల్ చీటీ, తమిళంలో రాసిన అడ్రసు. ఇండోనేషియా నుంచి బస్సెప్పుడు వేశారో మరి.

కంపెనీ లాయర్ సలహాతో అటవీశాఖకు మేమే ఉత్తరం రాసి, వాళ్లొచ్చాక పంచనామా రాయించి పగడాల్ని అప్పగించాం. లైవ్ రాక్ అని పెట్టిన రాళ్లు కూడా పాత పగడాల గూళ్లేనని తేలి అవీ వెళ్లిపోయాయి. లాయర్ ఫీజు ఎంతైందో ఎండీ గారికి చెప్పిన రోజు నేను ఆయన కళ్లలోకి చూడలేదు.

మధ్యలో ఇంకో ఘనకార్యం ఉంది. కొటేషన్‌లో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేదు, "ఆఫీసులో ఏసీ ఉంటుంది కదా సార్" అన్నాడు. మా సెంట్రల్ ఏసీ రాత్రి ఎనిమిదింటికి ఆగుతుంది, వీకెండ్ అసలుండదు. మే నెల సోమవారం పొద్దున నీళ్లు 32 డిగ్రీలు, ఉండాల్సింది 25, 26. ఇంకో శనివారం రాత్రి కరెంటు పోయింది. పంపుల సాకెట్ జనరేటర్ లైన్లో లేదు. పంపు ఆగగానే, ట్యాంకులో నాలుగంగుళాల లోతులో మూతి ఉన్న రిటర్న్ పైపు (సంప్ నీళ్లను పైకి పంపేది) సైఫన్‌లా వెనక్కి లాగడం మొదలుపెట్టింది. ఈ సైజు ట్యాంకులో ఒక్క అంగుళం మట్టం అంటే 47 లీటర్లు, నాలుగంగుళాలకు 190. సంప్ అప్పటికే మూతి దాకా నిండి ఉంది. ఆదివారం పొద్దున కింది అంతస్తు వాళ్ల ఫాల్స్ సీలింగ్ పలక ఒకటి ఊడి వాళ్ల డైరెక్టర్ గారి టేబుల్ మీద పడింది. ఆ పైపుకి మట్టం దగ్గర ఒక చిన్న రంధ్రం పెట్టి ఉంటే గాలి పీల్చుకుని అక్కడే ఆగిపోయేదట. డెలివరీ రోజు మెయిన్ స్విచ్ ఆపి అరగంట చూడండి, ఇలాంటిది వెంటనే బయటపడుతుంది. నేను చూడలేదు.

డబ్బు విషయంలో కూడా నాలా చేయకండి. అడ్వాన్స్ 30 శాతం దాటనివ్వకండి. కొంత భాగం నీళ్లు నింపి ఆరు వారాలయ్యాక, అమ్మోనియా, నైట్రైట్ సున్నా చూపించిన రిపోర్టు మీదే ఇవ్వండి. చేపలకు ఒక్కోదానికీ విడిగా బిల్లు తీసుకోండి. పగడాల మాట ఎత్తితే కాగితాలు అడ్వాన్స్ కంటే ముందే చూపించమనండి, తటపటాయిస్తే వదిలేయండి. క్లౌన్ చేపల్ని మన దేశంలోనే పెంచుతున్నారు. తమిళనాడులోని మండపం అనే ఊళ్లో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వాటి పెంపకం మీద పనిచేశారు. కృత్రిమ రాళ్లు పెట్టి, అలా పెంచిన క్లౌన్‌లు నాలుగు వదిలినా రిసెప్షన్ బ్రహ్మాండంగా ఉంటుంది.

మాకు మిగిలింది రెండు క్లౌన్‌లు. వాటిని ఆ టెస్టింగ్ కుర్రాడు ఇంటికి తీసుకెళ్లాడు, బాగానే తింటున్నాయట. ట్యాంకు ఖాళీగా ఉంది, హౌస్‌కీపింగ్ వాళ్లు పైన మనీప్లాంట్ కుండీలు పెట్టారు. సంప్ క్యాబినెట్ హింజెస్ ఉప్పుకి తుప్పు పట్టి తలుపు తెరిచినప్పుడల్లా కిర్రుమంటోంది. నిన్న మెయిల్ వచ్చింది, ఈ నెల ఏఎంసీ 18 వేలు, జీఎస్టీ అదనం.