కొత్త కణం కోసం వెతకడమా, తెలిసిన కణాన్ని ఇంకా సూక్ష్మంగా కొలవడమా: ఏది మేలు?

నెల్లూరు, కావలి, ఒంగోలు కళాశాలల్లో భౌతికశాస్త్రం చదివి, కణ భౌతికశాస్త్రంలో పరిశోధనకు వెళ్ళాలనుకునే విద్యార్థులు మాలాంటి అధ్యాపకులను ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. జెనీవా దగ్గర 27 కిలోమీటర్ల సొరంగంలో ప్రోటాన్లను ఢీకొట్టించే లార్జ్ హాడ్రాన్ కొలైడర్ (ఎల్‌హెచ్‌సీ) యంత్రంలో రెండు రకాల పని జరుగుతోంది. కొందరు ఇంతవరకు ఎవరూ చూడని కణాల కోసం నేరుగా వెతుకుతున్నారు. మరికొందరు డబ్ల్యూ బోసాన్, టాప్ క్వార్క్, హిగ్స్ బోసాన్ వంటి తెలిసిన బరువైన కణాల ద్రవ్యరాశినీ, అవి విచ్ఛిన్నమయ్యే తీరునూ అంతకంతకూ సూక్ష్మంగా కొలుస్తూ, తెలిసిన మూలకణాలను వివరించే స్టాండర్డ్ మోడల్ సిద్ధాంతం చెప్పే విలువకు ఎక్కడైనా తేడా వస్తుందేమోనని చూస్తున్నారు. ఈ రెండింటిలో దేనికి జీవితంలో పదేళ్ళు ఇవ్వవచ్చు? తదుపరి మహాయంత్రాన్ని దేనికోసం కట్టాలి? ప్రపంచ శాస్త్రవేత్తలు వాదించుకుంటున్నదీ ఈ ప్రశ్న గురించే కాబట్టి, దీనికి కాస్త నిదానంగా జవాబు చెప్పుకోవడం అవసరం.

మన తీరంలో రొయ్యల చెరువు వేసిన రైతుకు ఈ తేడాను విడమరచి చెప్పనక్కరలేదు. ఆయన విసురువల వేసి చూస్తాడు. చెక్ ట్రేలో పెట్టిన మేత ఎంత మిగిలిందో కూడా చూస్తాడు. వలలో పడిన రొయ్య కంటికి కనిపిస్తుంది గాని, వల పడిన చోటు సంగతే చెబుతుంది. మిగిలిన మేత చెరువు మొత్తం సంగతి చెబుతుంది గాని, తేడా రోగం వల్ల వచ్చిందా, నీటి వల్ల వచ్చిందా అన్నది చెప్పదు. నేరుగా వెతకడానికీ, సూక్ష్మంగా కొలవడానికీ ఉన్న బలాబలాలు సరిగ్గా ఇవే.

ముందుగా నేరుగా వెతికే మార్గం. దాని ఘనత కాదనలేనిది. 1983లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో డబ్ల్యూ, జెడ్ బోసాన్లు, 1995లో అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌లో టాప్ క్వార్క్, 2012 జులై 4న ప్రకటించిన హిగ్స్ బోసాన్, ఈ మూడూ ఢీకొట్టి, శకలాలను ఏరి, నేరుగా చూసి నిర్ధారించినవే. అయితే ఈ మూడింటిలోనూ వెతికేవారికి ముందే చిరునామా అందింది అన్న విషయం తరచుగా మరుగున పడుతుంది. న్యూట్రినో ప్రయోగాల కొలతల నుంచి డబ్ల్యూ బోసాన్ ద్రవ్యరాశి 80 జీఈవీ (కణాల శక్తికీ ద్రవ్యరాశికీ వాడే ప్రమాణం; ప్రోటాన్ సుమారు ఒక జీఈవీ) చుట్టుపక్కల ఉండాలని లెక్క వచ్చింది. టాప్ క్వార్క్ ద్రవ్యరాశి వర్గానికి అనుపాతంగా డబ్ల్యూ, జెడ్ ద్రవ్యరాశుల నిష్పత్తి మారుతుందని డచ్ సిద్ధాంతవేత్త వెల్ట్‌మన్ 1970ల్లోనే చూపించాడు. ఆ సూత్రాన్ని సెర్న్‌లో అంతకు ముందున్న ఎల్‌ఈపీ యంత్రపు కొలతలకు వర్తింపజేసి, టాప్ క్వార్క్ 150కీ 200 జీఈవీకీ మధ్య ఉంటుందని దాన్ని చూడక ముందే అంచనా కట్టారు. అది దాదాపు 173 జీఈవీ దగ్గర దొరికింది. హిగ్స్ బోసాన్ కూడా తేలికైనదే అయి ఉండాలని కొలతలు చెప్పాయి. 125 జీఈవీ దగ్గర కనిపించింది. అంటే 1983 నుంచి వచ్చిన మూడు గొప్ప ఆవిష్కరణలకూ కొలత దారి చూపితే, వెతుకులాట ఆ దారిన నడిచింది.

2012 తర్వాత అలాంటి చిరునామా ఏదీ లేదు. స్టాండర్డ్ మోడల్‌లో ఖాళీగా మిగిలిన గడి లేదు. కృష్ణ పదార్థం ఏమిటో, విశ్వంలో ప్రతిపదార్థం ఎందుకు మిగలలేదో ఆ నమూనా చెప్పలేకపోతోంది కాబట్టి దానికి ఆవల ఏదో ఉందన్నది మాత్రం గట్టి మాట. కాని అది ఏ శక్తి దగ్గర ఉందో ఎవరూ చెప్పలేరు. తెలిసిన ప్రతి కణానికీ ఒక బరువైన జోడీ ఉంటుందనే సూపర్‌సిమెట్రీ సిద్ధాంతపు కణాలు వెయ్యి జీఈవీ లోపలే దొరుకుతాయని చాలామంది ఆశించారు. వాటిలో గ్లూయినో అనే కణం ఉంటే, చాలా నమూనాల్లో దాని ద్రవ్యరాశి 2 టీఈవీ (2,000 జీఈవీ) దాటి ఉండాలని ఇప్పుడు తేలింది. జెడ్ వంటి స్వభావమే గల మరో బరువైన కణం ఉంటే అది దాదాపు 5 టీఈవీ కంటే పైనే ఉండాలి. ఇలా దొరకలేదని తెలియడం కూడా జ్ఞానమే. వందలాది నమూనాలను అది పక్కకు పెట్టింది.

ఆ మార్గంలో ఎదురయ్యే ప్రమాదానికి 2015 డిసెంబరు మంచి నిదర్శనం. రెండు ఫోటాన్లుగా విచ్ఛిన్నమయ్యే ఘటనల్లో 750 జీఈవీ దగ్గర చిన్న ఉబ్బు కనిపించిందని ఎల్‌హెచ్‌సీలోని అట్లాస్, సీఎంఎస్ ప్రయోగాలు రెండూ చెప్పాయి. కొన్ని నెలల్లోనే దానిపై వందలకొద్దీ సిద్ధాంత పత్రాలు వచ్చాయి. 2016 ఆగస్టుకు మరింత సమాచారం చేరేసరికి ఆ ఉబ్బు మాయమైంది. ఇందులో ప్రయోగకర్తల తప్పేమీ లేదు. వేల చోట్ల వెతికితే ఎక్కడో ఒకచోట యాదృచ్ఛికంగా అలాంటిది కనిపించడం గణాంకాల సహజ లక్షణం; అందుకే యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం దాదాపు 35 లక్షల్లో ఒకటిగా ఉండే అయిదు సిగ్మాల కట్టుబాటు పెట్టుకున్నారు.

ఇక కొలిచే మార్గం. ఇందులోని శ్రమ తెలియాలంటే డబ్ల్యూ బోసాన్ ద్రవ్యరాశిని ఎలా రాబడతారో దగ్గరగా చూడాలి. డబ్ల్యూ బోసాన్ మ్యూయాన్‌గానూ (ఎలక్ట్రాన్‌ను పోలిన బరువైన కణం) న్యూట్రినోగానూ విడిపోయినప్పుడు న్యూట్రినో శోధకానికి చిక్కకుండా వెళ్ళిపోతుంది. అందుచేత రెండు ముక్కలను కలిపి తల్లి ద్రవ్యరాశిని లెక్కగట్టడం కుదరదు. మిగిలిన ఒక్క మ్యూయాన్ పుంజానికి అడ్డంగా ఎంత ద్రవ్యవేగంతో వచ్చిందో కొలిచి, అలాంటివి కోట్ల కొద్దీ పోగుచేసి, వాటి పంపిణీ ఆకారాన్ని చూస్తారు. ఆ పంపిణీ డబ్ల్యూ ద్రవ్యరాశిలో సగం, అంటే సుమారు 40 జీఈవీ దగ్గర ఎక్కి ఆ వెంటనే పడిపోతుంది. ఆ పడిపోయే అంచు రవ్వంత ఇటు జరిగిందా, అటు జరిగిందా అన్నదే మొత్తం కొలత. మ్యూయాన్ ద్రవ్యవేగాన్ని పదివేలలో ఒక వంతు కంటే మెరుగ్గా తెలుసుకోవాలి. ప్రోటాన్ లోపల క్వార్కులు ఎలా సర్దుకుని ఉన్నాయో కూడా తెలియాలి, ఎందుకంటే డబ్ల్యూ పుట్టుక వాటి మీదే ఆధారపడి ఉంది. సీఎంఎస్ బృందం 2016లో సేకరించిన సమాచారంతో చేసిన ఈ కొలతను 2024 సెప్టెంబరులో గాని వెల్లడించలేకపోయిందంటే, ఆ పని ఎంత ఓపికను కోరిందో ఊహించుకోవచ్చు. వచ్చిన విలువ 80,360.2 ఎంఈవీ (వెయ్యి ఎంఈవీ ఒక జీఈవీ), దోషం 9.9 ఎంఈవీ.

ఈ సంఖ్య అంత ముఖ్యం కావడానికి 2022లో జరిగిన సంగతి కారణం. 2011లో మూతపడిన ఫెర్మీల్యాబ్ టెవట్రాన్ యంత్రపు పాత సమాచారాన్ని ఏళ్ళ తరబడి మథించిన సీడీఎఫ్ బృందం డబ్ల్యూ ద్రవ్యరాశి 80,433.5 ఎంఈవీ అని ప్రకటించింది. స్టాండర్డ్ మోడల్ చెప్పే విలువ దాదాపు 80,357. తేడా ఏడు సిగ్మాలు. ఇది నిజమైతే ఏదో తెలియని బరువైన కణం డబ్ల్యూ మీద తన నీడ వేస్తున్నట్టే. అట్లాస్ కొలత, ఆ తర్వాత సీఎంఎస్ కొలత స్టాండర్డ్ మోడల్ పక్కనే నిలిచాయి. సీడీఎఫ్ విలువ ఒంటరిదైంది. ఆ తేడా ఎక్కడ పుట్టిందో ఇప్పటికీ తేలలేదు. కాబట్టి కొలత మార్గంలో మోసపోయే ప్రమాదం లేదని ఎవరైనా అంటే ఒప్పుకోకూడదు. ఎల్‌హెచ్‌సీలోని మరో ప్రయోగమైన ఎల్‌హెచ్‌సీబీ 2021 మార్చిలో, బ్యూటీ క్వార్క్ విచ్ఛిన్నాల్లో ఎలక్ట్రాన్లకూ మ్యూయాన్లకూ మధ్య వివక్ష కనిపిస్తోందని 3.1 సిగ్మాల బలంతో చెప్పి, 2022 డిసెంబరులో అది లేదని తేల్చింది. క్వార్కులతో ఏర్పడే కణాలైన కొన్ని హాడ్రాన్లు ఎలక్ట్రాన్ల వేషంలో లెక్కలోకి వచ్చాయి. వెతుకులాటను గణాంకాలు మోసం చేస్తే, కొలతను పరికరపు క్రమదోషం మోసం చేస్తుంది. రెండవది మరింత మొండిది, ఎందుకంటే సమాచారం పెరిగినంత మాత్రాన అది తరగదు.

ఆ మొండితనాన్ని జయించడం సాధ్యమేనని చూపించింది ఎల్‌ఈపీ. 1989 నుంచి 2000 దాకా అదే 27 కిలోమీటర్ల సొరంగంలో ఎలక్ట్రాన్లనూ పాజిట్రాన్లనూ ఢీకొట్టించిన యంత్రమది. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో ఆటుపోట్లు తెచ్చే చంద్రుడే జెనీవా కింది రాతినేలను కూడా పైకి లాగి, ఆ వలయం చుట్టుకొలతను ఒక మిల్లీమీటరు మేర మార్చాడు; దాంతో పుంజం శక్తి కొలవదగినంతగా మారింది. ఆ ప్రభావాన్ని కనిపెట్టి సరిచేశారు. తర్వాత పగటిపూట అంతుపట్టని హెచ్చుతగ్గులు కనిపిస్తే, అవి దగ్గరి పట్టాల మీద నడిచే టీజీవీ రైళ్ళ నుంచి నేలలోకి జారిన విద్యుత్తు వల్ల వస్తున్నాయని తేల్చారు. ఇంత శ్రమ తర్వాత 1.7 కోట్ల జెడ్ బోసాన్ల నుంచి దాని ద్రవ్యరాశి 91,187.5 ఎంఈవీ అనీ, దోషం 2.1 ఎంఈవీ మాత్రమేననీ నిర్ణయించారు. తేలికైన న్యూట్రినో రకాలు మూడే అన్నదీ అక్కడే తేలింది. ఎల్‌ఈపీ మూతపడి పాతికేళ్ళు దాటినా ఆ సంఖ్యలు పాతబడలేదు. ఎల్‌హెచ్‌సీలో మ్యూయాన్ల కొలతను సరిచూసుకోవడానికి నేటికీ ఆ జెడ్ ద్రవ్యరాశినే వాడుతున్నారు. నా మొగ్గును నిర్ణయించిన అంశం ఇదే: కొత్తది ఏదీ దొరకకపోయినా మంచి కొలత తర్వాతి తరానికి పనిముట్టుగా మిగులుతుంది.

దూరం సంగతికి వస్తే, చిన్న లెక్క చాలు. కణాలకు ద్రవ్యరాశినిచ్చే హిగ్స్ క్షేత్రపు విలువ 246 జీఈవీ. కొత్త భౌతికశాస్త్రం ఏదో పెద్ద శక్తి దగ్గర దాగి ఉంటే, తెలిసిన కణాల మీద దాని ప్రభావం సుమారుగా ఈ రెండు శక్తుల నిష్పత్తి వర్గమంత ఉంటుంది. ఒక శాతం కచ్చితత్వంతో కొలిస్తే 2.5 టీఈవీ దాకా, 0.1 శాతంతో కొలిస్తే 8 టీఈవీ దాకా చూపు ఆనుతుంది. ఎల్‌హెచ్‌సీ శక్తి 13.6 టీఈవీ అయినా, ప్రోటాన్ ఒక గుత్తి కాబట్టి, ఢీకొనే రెండు క్వార్కుల వాటాకు అందులో కొంత భాగమే వస్తుంది. కొలత చూపు దానికి ఆవలకు వెళ్ళగలదు. ఇందులో ఒక షరతు ఉంది. కొత్త కణం తెలిసిన కణాలతో గట్టిగా ముడిపడి ఉండాలి. తేలికగా ఉండి చాలా బలహీనంగా స్పందించేవి, శోధకంలో కొంత దూరం నడిచి గాని విచ్ఛిన్నం కానివి కొలతల్లో జాడ చూపవు. వాటిని నేరుగా వెతకాల్సిందే. 1975లో మార్టిన్ పెర్ల్ బృందం, ఎలక్ట్రాన్‌ను పోలిన మరో బరువైన కణమైన టౌ లెప్టాన్‌ను కనిపెట్టినప్పుడు దాని చిరునామాను ఏ కొలతా ముందుగా ఇవ్వలేదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

రెండు మార్గాలు ఒకదానిలోకి ఒకటి ప్రవహించడం 2025లో అందరి కళ్ళ ముందే జరిగింది. హిగ్స్‌ను పోలిన బరువైన కణాలు టాప్ క్వార్క్ జంటగా విడిపోతాయేమోనని వెతుకుతున్న సీఎంఎస్‌కు, రెండు టాప్ క్వార్కుల ద్రవ్యరాశి మొత్తానికి సరిగ్గా దగ్గరలో అదనపు ఘటనలు కనిపించాయి. టాప్, దాని ప్రతికణం విచ్ఛిన్నమయ్యే ముందు క్షణకాలం ఒకదానినొకటి అంటిపెట్టుకునే స్థితికి ఆ తీరు సరిపోయింది. టాప్ క్వార్క్ ఆయుష్షు సెకనులో ఒక భాగం, దశాంశ బిందువు తర్వాత ఇరవై నాలుగు సున్నాల తర్వాత అయిదు. అంత తక్కువ వ్యవధిలో ఏర్పడే ఆ బంధాన్ని ప్రోటాన్ల యంత్రంలో చూడగలమని ఎక్కువమంది ఆశించలేదు. అట్లాస్ దాన్ని ధ్రువీకరించింది. కొత్త కణం కోసం వేసిన వల పాత కణం గురించిన కొలతను తెచ్చిపెట్టింది.

తదుపరి యంత్రం విషయంలో పోటీ ఎలక్ట్రాన్లకూ ప్రోటాన్లకూ మధ్య. వలయంలో తిరిగే కణం వెలుగు రూపంలో పోగొట్టుకునే శక్తి, దాని శక్తికీ ద్రవ్యరాశికీ ఉన్న నిష్పత్తి నాలుగవ ఘాతం లెక్కన పెరుగుతుంది. ప్రోటాన్ 1,836 రెట్లు బరువైనది కనుక ఆ నష్టం దానికి లేదన్నంత తక్కువ. అందుకే ఎక్కువ శక్తికి చేరి నేరుగా వెతకాలంటే ప్రోటాన్లే దిక్కు. ఎలక్ట్రాన్‌కు లోపలి భాగాలు లేవు కాబట్టి ఢీకొన్న శక్తి ఎంతో ముందే తెలుసు. అందుకే కొలతకు అది సాటిలేనిది. సెర్న్ ప్రతిపాదించిన 91 కిలోమీటర్ల వలయంలో మొదట ఎలక్ట్రాన్ల యంత్రం, దశాబ్దాల తర్వాత అదే సొరంగంలో ప్రోటాన్ల యంత్రం రావాలని ఆలోచన. 240 జీఈవీ దగ్గర హిగ్స్, జెడ్ జంటగా పుట్టినప్పుడు, జెడ్‌ను మాత్రమే కొలిచి, మొదటి శక్తిలోంచి తీసివేస్తే హిగ్స్ అక్కడ ఉన్నట్టు తెలిసిపోతుంది. అది దేనిగా విడిపోయిందో చూడనక్కరలేదు. శోధకానికి చిక్కని కృష్ణ పదార్థంగా హిగ్స్ విడిపోతున్నా లెక్కలోకి వస్తుంది. ప్రోటాన్ల యంత్రంలో ఇలా చేయడం అసాధ్యం. మొదటి దశకే 1,500 కోట్ల స్విస్ ఫ్రాంకులు అవుతుందని 2025 నివేదిక అంచనా. ఆ ఖర్చును మోసేటప్పుడు, ఫలితం తప్పక చేతికందే పనిని ముందు పెట్టడమే న్యాయమని నా అభిప్రాయం. ఎలక్ట్రాన్ల యంత్రం ముందు, దాని కొలతలు చూపిన దిక్కుకు ప్రోటాన్ల యంత్రం తర్వాత. ఈలోగా ఎల్‌హెచ్‌సీలో దీర్ఘాయువు గల కణాల వెతుకులాటను మాత్రం తగ్గించకూడదు, ఎందుకంటే ఆ లోటును ఏ కొలతా పూడ్చలేదు.

విద్యార్థికి నేను ఇదే వరుసలో సలహా ఇస్తాను. మన దేశం 2017 నుంచి సెర్న్‌లో అనుబంధ సభ్యురాలు; మన పరిశోధన సంస్థల నుంచి సీఎంఎస్‌లో పనిచేసేవారు ఉన్నారు. అంతదూరం వెళ్ళక ముందే, సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో సీఎంఎస్ అందరికీ ఇచ్చిన ఘటనలను కళాశాల కంప్యూటర్‌లోకి దించుకుని, ప్రతి ఘటనలోనూ వ్యతిరేక ఆవేశాలున్న రెండు మ్యూయాన్లను తీసుకుని, వాటి జంట ద్రవ్యరాశిని లెక్కగట్టి గ్రాఫు గీయవచ్చు. 3.1 జీఈవీ దగ్గర జే-సై, 9.5 దగ్గర అప్సిలాన్ (రెండూ ఒక క్వార్కు, దాని ప్రతిక్వార్కు కలిసి ఏర్పడిన కణాలు), 91 దగ్గర జెడ్ శిఖరాలు వరుసగా లేస్తాయి. జెడ్ శిఖరం పట్టికలోని విలువకు ఎంత పక్కకు జరిగిందో, ఎందుకు జరిగిందో, మ్యూయాన్ శోధకం మధ్యలోకి పోయినప్పుడూ అంచుల్లోకి పోయినప్పుడూ ఆ జరుగుబాటు ఎలా మారుతోందో ఒక సెమిస్టరు పాటు కూర్చుని తేల్చిన విద్యార్థి, రేపు కొలతల బృందంలో చేరినా వెతికే బృందంలో చేరినా మొదటి రోజు నుంచే పనికి వస్తాడు.