ఫెయిర్‌ఫోర్డ్ చర్చి: ఎండ కాసే రోజు చూసుకుని వెళ్లండి

ఇంగ్లండ్‌లో కాట్స్‌వోల్డ్స్ అనే కొండల ప్రాంతం చూడ్డానికి వెళ్లే మనవాళ్లు చాలామంది బైబరీ అనే ఊళ్లో ఆ పాత ఇళ్ల వరస ముందు ఫోటో దిగి కారెక్కేస్తారు. ఇంకాస్త ముందుకెళ్తే ఫెయిర్‌ఫోర్డ్ వస్తుంది, అక్కడ సెయింట్ మేరీస్ చర్చి ఉంది. నన్నడిగితే బైబరీ మానేసైనా ఇది చూడాలి.

ఉన్ని వ్యాపారంలో బాగా గడించిన జాన్ టేమ్ 1490ల్లో పాత చర్చిని దాదాపు మొత్తం తిరగకట్టించాడు, మధ్య టవర్‌లో మాత్రం పాతది కొంత ఉంచేశాడు. అప్పుడు ఇంగ్లండ్‌లో నడుస్తున్నది పర్పెండిక్యులర్ పద్ధతి, అంటే పైకప్పు బరువు బయట నిలబెట్టిన ఊతగోడల మీదకి వెళ్లిపోతుంది కాబట్టి మధ్యలో గోడ ఉండాల్సిన చోటంతా పొడవాటి కిటికీలే పెట్టేయొచ్చు. అలా 28 కిటికీలు పెట్టారు, వాటి రంగుగాజు 1500 నుంచి 1517 మధ్య చేసింది. ఇంగ్లండ్‌లో ఏ పారిష్ చర్చిలోనూ, అంటే ఊరివాళ్ల మామూలు చర్చిలో, మధ్యయుగపు గాజు ఇంత పూర్తిగా మిగల్లేదు.

ఏదో అందానికి అతికించిన బొమ్మలు కావివి, కట్టడాన్ని బట్టి వేసిన వరస. ఉత్తరం వైపు నడవాలో పన్నెండుమంది ప్రవక్తలు, సరిగ్గా వాళ్లకెదురుగా దక్షిణం వైపు పన్నెండుమంది అపొస్తలులు, అంటే యేసు ముఖ్య శిష్యులు. తలెత్తితే పై వరస కిటికీల్లో ఒకవైపు క్రైస్తవుల్ని హింసించినవాళ్లు, వాళ్ల నెత్తిన చిన్న చిన్న దయ్యాలు; రెండోవైపు హతసాక్షులు, అంటే నమ్మకం కోసం ప్రాణాలిచ్చినవాళ్లు, వాళ్లపైన దేవదూతలు. ఇవి బాగా ఎత్తులో ఉంటాయి, బైనాక్యులర్స్ లేకపోతే ఆ దయ్యాల మొహాలు మిస్సయిపోతారు.

అసలు సరుకు పడమటి కిటికీ. లోకం అంతమయ్యాక దేవుడు అందరి పాపపుణ్యాలు తేల్చే తుది తీర్పు దృశ్యం, కుడివైపు కింద నరకం ఎర్రగా మండుతుంటుంది, పొట్టలో ఇంకో నోరున్న సాతాను, ఒకామెని తోపుడుబండిలో వేసుకుని తోసుకుపోతున్న దయ్యం! భయపెట్టడానికే వేశారు గానీ నాకు నవ్వాగలేదు. 1703 తుఫానుకి ఈ కిటికీ దెబ్బతింది, పైభాగం విక్టోరియా కాలంలో కొత్తగా చేసింది. అది మరీ నున్నగా, ప్రాణం లేనట్టుంటుంది, కింది సగం దగ్గరే టైమ్ గడపండి. పొద్దు పడమటికి వాలాక వెళ్తేనే ఆ ఎరుపు లేస్తుంది, మబ్బు పట్టిన రోజు సగం మజా పోయినట్టే.

పిల్లలు విసుక్కుంటే బయటికి తీసుకెళ్లి టిడిల్స్ సమాధి చూపించండి. 1963 నుంచి 1980 దాకా ఈ చర్చిలో తిరిగిన పిల్లి అది, దాని బొమ్మ చెక్కిన రాయి కూడా పెట్టారు.