కొత్త రౌటరు అమ్మకుండానే వైఫై బాగుచేసిన సీటీసీ దుకాణం

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను మనమంతా సీటీసీ అనే పిలుస్తాం. కంప్యూటర్ కొనడానికి అక్కడికి వెళ్ళేవారే ఎక్కువ. నేను రాస్తున్నది మాత్రం అక్కడి ఒక చిన్న దుకాణంవారు ఇంటికి వచ్చి చేసే మరమ్మతు గురించి. ఇద్దరు మనుషులతో నడిచే దుకాణం అది. వచ్చే ఫోన్లే ఎత్తలేకపోతున్నారు కాబట్టి పేరు రాయడం లేదు. వాళ్ళ పని తీరు వివరంగా రాస్తాను. మీ ఇంటికి వచ్చే మనిషికి పని తెలుసో లేదో దాన్నిబట్టి మీరే పోల్చుకోవచ్చు.

మా ఇల్లు పద్మారావునగర్‌లో. పాత కట్టడం, గోడలు మందం. రౌటరు హాల్లో, నా కంప్యూటర్ వెనక గదిలో. ఆ గదిలో కూర్చుని చిన్న వ్యాపారులకు జీఎస్టీ లెక్కలు చూస్తాను. నెల నెలా 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల వివరాలు), 20వ తేదీకి జీఎస్టీఆర్-3బీ (పన్ను లెక్కల సారాంశం) దాఖలు కావాలి. గడువు రోజు సాయంత్రం వైఫై తెగితే వచ్చిన ఓటీపీ చెల్లకుండా పోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. గడువు దాటితే ఆలస్య రుసుము కిరాణా కొట్టు నడుపుకునే మనిషి మీద పడుతుంది. నన్ను నమ్మి కాగితాలు ఇచ్చినవాళ్ళు వాళ్ళు.

ఇబ్బంది ఎలా ఉండేదంటే, తెర మీద వైఫై గుర్తు నిండుగానే కనిపిస్తుంది, పేజీ మాత్రం తెరుచుకోదు. కాసేపటికి దానంతటదే వస్తుంది. పగలు బాగుంటుంది, సాయంత్రం మొరాయిస్తుంది. ఇంటర్నెట్ కంపెనీకి ఫోన్ చేస్తే రౌటరు ఆపి మళ్ళీ వేయమన్నారు. సాయంత్రాలు అందరూ వాడతారు కాబట్టి ఇంకా పెద్ద ప్లాను తీసుకోమన్నారు. వాళ్ళ మనిషి వచ్చి, రౌటరు పక్కనే నిలబడి తన ఫోనులో వేగం చూపించి వెళ్ళిపోయాడు. వెనక గదిలోకి అడుగు కూడా పెట్టలేదు. ఇంకో దుకాణంవారైతే ఇల్లు చూడకుండానే మెష్ పరికరాలు (ఇల్లంతా వైఫై అందించే అదనపు పెట్టెలు) పెట్టించుకోమని వేలల్లో ధర చెప్పారు.

సీటీసీ నుంచి వచ్చిన కుర్రాడు ముందుగా అడిగింది, ఇదే కుర్చీలో కూర్చున్నప్పుడు ఫోనుకు వైఫై అందుతుందా అని. అందుతుందన్నాను. “అయితే మేడమ్, గోడల సంగతి తర్వాత చూద్దాం” అన్నాడు. సంచిలోంచి పొడవాటి లాన్ కేబుల్ తీసి రౌటరుకూ కంప్యూటర్‌కూ కలిపాడు. జీఎస్టీ పోర్టల్ చక్కగా తెరుచుకుంది. దాంతో కంపెనీ లైను మీద అనుమానం తీరింది. తర్వాత కేబుల్ తీసేసి, ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి 192.168.1.1కి పింగ్ పెట్టాడు, అంటే ‘ఉన్నావా’ అని అడిగి జవాబు ఎంతసేపటికి వస్తుందో చూడటం. మా ఇంట్లో అది రౌటరు చిరునామా. జవాబు ఒకసారి వెంటనే, ఒకసారి చాలా ఆలస్యంగా వచ్చేది, కొన్నిసార్లు అసలు వచ్చేదే కాదు. “ఇంట్లో ఉన్న రౌటరే సరిగా పలకడం లేదు. బయట ఇంటర్నెట్‌ను తప్పు పట్టి లాభం లేదు” అన్నాడు. అంతమందిని అడిగినా ఈ రెండింటినీ విడదీసి చూసినవాడు ఇతనొక్కడే. కంప్యూటర్ చిరునామా 169.254తో మొదలైతే రౌటరు నుంచి చిరునామానే అందలేదని అర్థమనీ, మాది అలాంటి సమస్య కాదనీ మధ్యలో చూపించాడు.

అప్పుడు అడిగాడు, సాయంత్రం పూట ఈ కంప్యూటర్‌తో ప్రత్యేకంగా ఏ పని చేస్తారని. రోజు పని ముగిసేటప్పుడు లెక్కలన్నీ బయటి హార్డ్ డిస్కులోకి నకలు తీస్తానని చెప్పాను. డిస్కు అప్పటికే పెట్టి ఉంది. దాన్ని తీయించాడు, జవాబులు సర్దుకున్నాయి. మళ్ళీ పెట్టమన్నాడు. పింగ్ నడుస్తుండగానే పెట్టాను. జవాబులు వరసగా తప్పడం మొదలైంది. తీశాను, సర్దుకుంది. మళ్ళీ పెట్టించాడు, మళ్ళీ అదే. నా కంప్యూటర్‌కు వైఫై అందించే చిన్న అడాప్టర్ కంప్యూటర్ డబ్బా వెనక యూఎస్‌బీ రంధ్రంలో ఉంది, దాని పక్కనే నీలం రంగు యూఎస్‌బీ 3.0 రంధ్రంలో హార్డ్ డిస్కు.

యూఎస్‌బీ 3.0 పరికరాలు వేగంగా సమాచారం పంపేటప్పుడు వాటి తీగ నుంచీ కనెక్టర్ నుంచీ వెలువడే రేడియో రొద వైఫై వాడుకునే 2.4 గిగాహెర్ట్జ్ అనే తరంగాల పట్టీలోనే పడుతుంది. దీని మీద ఇంటెల్ సంస్థ 2012లోనే ఒక పత్రం వెలువరించింది. తెర మీద కనిపించే గీతలు రౌటరు నుంచి వచ్చే తరంగం బలాన్నే చెబుతాయి, దాని పక్కన ఎంత రొద ఉందో చెప్పవు. గుర్తు నిండుగా ఉండి పేజీ రాకపోవడానికి కారణం అదే. పెళ్ళి మండపంలో స్పీకరు పక్కన నిలబడితే ఎదుటి మనిషి ఎంత గట్టిగా మాట్లాడినా మాట అందదు కదా, అలాగన్నమాట. పెద్ద ప్లాను తీసుకున్నా ఈ రొద తగ్గేది కాదు. ఇంత తెలిశాక, ఏమీ చూడకుండా వేలు ఖర్చు పెట్టమన్నవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం వచ్చింది.

అతను చేసిన మరమ్మతు, ఒక మీటరు యూఎస్‌బీ పొడిగింపు తీగ తెచ్చి అడాప్టర్‌ను బల్ల మీదికి, డిస్కుకు దూరంగా జరపడం. అంతే. వైఫై వాడే ఇంకో పట్టీ అయిన 5 గిగాహెర్ట్జ్‌కు మారితే ఈ రొద బాధే ఉండదు కదా అని అడిగాను. వెంటనే మార్చి చూపించాడు. రెండు మందపాటి గోడలు దాటేసరికి అది నీరసించింది. మా ఇంటికి 2.4 నయమని వెనక్కి మార్చాడు. ఆ పట్టీలో ఛానళ్ళనే దారులుంటాయి, పక్కిళ్ళ రౌటర్లన్నీ 6వ ఛానల్ మీద కిక్కిరిసి ఉంటే మాది 11కు మార్చాడు. ఒకదాని మీద ఒకటి పడనివి 1, 6, 11 మాత్రమేనట. కంప్యూటర్‌లో పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో, కరెంటు ఆదా కోసం అడాప్టర్‌ను ఆపడానికి విండోస్‌కు అనుమతి ఇచ్చే గడి ఉంటుంది. ఆ టిక్కు తీసేశాడు. రౌటరు లోపలికి వెళ్ళే పాస్‌వర్డు కంపెనీ పెట్టిందే ఉందని గమనించి, నా చేతనే మార్పించి, టైపు చేసేటప్పుడు తను అటు తిరిగి నిలబడ్డాడు. ఖాతాదారుల లెక్కలున్న యంత్రం దగ్గర ఆ మర్యాద నాకు ఎంతో విలువైనదిగా తోచింది.

ఇంటికి వచ్చినందుకు 400 రూపాయలు, తీగకు 150. తీగ ఆన్‌లైన్‌లో ఇంకొంచెం తక్కువకు దొరుకుతుంది, కానీ ఆ సాయంత్రానికి చేతికి రాదు. ఇచ్చినది న్యాయమైన ధరే.

లోపాలూ చెప్పాలి. ఫోను ఎత్తరు, వాట్సాప్‌లో రాసిపెడితే తీరిక చూసుకుని జవాబిస్తారు. మధ్యాహ్నం అన్న మనిషి దీపాలు పెట్టే వేళకు వచ్చాడు, ఆలస్యమవుతుందని ముందుగా కబురు పెట్టలేదు. ఏం చేస్తున్నాడో తనంతట తాను చెప్పడు, అడిగితేనే చెబుతాడు. అడిగితే మాత్రం విసుక్కోడు. వెనక గదిలోనే ఉన్న ప్రింటర్ కూడా చూడమంటే అది తన పని కాదని తేల్చిచెప్పాడు. రసీదు అడిగాక గాని రాయలేదు. చేసిన పనికి హామీ ఎన్నాళ్ళన్నది అందులో లేదు, దాన్ని రాయించుకోండి.

ఆ తర్వాత వచ్చిన 20వ తేదీ సాయంత్రం డిస్కు పెట్టే ఉంచి రిటర్నులన్నీ దాఖలు చేశాను, ఒక్కసారీ తెగలేదు. ఐదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను, ఆ ఒక్కటీ తగ్గించింది సమయపాలనకు. మీరు పిలిచేట్టయితే గడువు తేదీకి వారం ముందే పిలవండి, ఇబ్బంది ఏ వేళప్పుడు వస్తుందో రాసిపెట్టి ఉంచండి. అతను మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.