సక్కారా మొదలుకొని గీజా వరకు: కైరోలో ఒక్కరోజు కారు, గైడు సేవపై సమీక్ష

కైరోకు వెళ్లే మనవాళ్లలో ఎక్కువమంది గీజా పిరమిడ్ల ముందు ఫొటోలు దిగి, స్ఫింక్స్‌ను చూసి, మధ్యాహ్నానికల్లా హోటలుకు తిరిగివచ్చే ఒకపూట పర్యటననే ఎంచుకుంటారు. బరంపురం, పర్లాకిమిడి నుంచి కలిసి వెళ్లిన మా మిత్రబృందం మాత్రం పిరమిడ్లున్న సక్కారా, దహ్షూర్, గీజా మూడింటినీ ఒకే రోజులో చూపించే కారు, గైడు సేవను కుదుర్చుకుంది. ఆ సేవలో మెచ్చుకోదగినవీ, విసుగు పుట్టించినవీ రెండూ ఉన్నాయి. అయితే ఆ మూడు చోట్లనూ ఏ వరుసలో చూపించారో ఆ వరుస ఒక్కటే మేము పెట్టిన డబ్బుకు న్యాయం చేసిందని ముందుగానే చెబుతున్నాను.

జనం పెరగకముందే చేరుకోవాలన్న పేరుతో డ్రైవర్లు సాధారణంగా ముందు గీజాకే తీసుకువెళతారు. పురాతత్వశాస్త్రం చదువుకున్న మా గైడు అందుకు ఒప్పుకోలేదు. క్రీస్తుపూర్వం 27వ శతాబ్దంలో జోసర్ రాజు సక్కారాలో కట్టించిన మెట్ల పిరమిడ్‌ను ముందు చూసి, తరువాత స్నెఫ్రు రాజు దహ్షూర్‌లో కట్టించిన రెండింటినీ చూసి, చివరగా ఆయన కుమారుడు ఖుఫు గీజాలో కట్టించిన మహా పిరమిడ్ దగ్గరకు వెళ్తేనే, సుమారు ఒక శతాబ్ద కాలంలో ఆ పనివాళ్లు రాతిపనిని ఎలా నేర్చుకున్నారో కళ్లకు కడుతుందని ఆమె వాదన. ఆ వాదన నూటికి నూరుపాళ్లు నిజమని సాయంత్రానికి మేమంతా ఒప్పుకున్నాం.

సక్కారాలో మెట్ల పిరమిడ్ దూరం నుంచే కనిపిస్తుంది గనుక అందరూ తిన్నగా దాని వైపే నడుస్తారు. గైడు మమ్మల్ని ప్రహరీగోడ ద్వారం దగ్గరే చాలాసేపు నిలిపివేసింది. అక్కడ రాతిలో చెక్కిన ఒక తలుపు రెక్క ఉంది. అది గోడకు ఆనించి తెరిచిపెట్టినట్లే ఉంటుంది గాని ఏనాడూ మూసుకున్నది కాదు. లోపలి నడవలో ఇరువైపులా కలిపి 40 స్తంభాలు, వాటిపై రెల్లుకట్టలను కలిపి కట్టినట్లుగా నిలువు గీతలు, పైకప్పు రాళ్ల అడుగున దుంగలు పేర్చినట్లుగా గుండ్రటి చెక్కడం కనిపిస్తాయి. అంతకుముందు పచ్చి ఇటుకతో, కొయ్యతో, రెల్లుతో కట్టడం అలవాటైన చేతులు మొదటిసారి ఇంత పెద్ద ఎత్తున రాయి పట్టుకున్నప్పుడు, ఆ పాత రూపాలనే రాతిలోకి దించాయన్నమాట. మా బృందంలో గృహనిర్మాణ కాంట్రాక్టరుగా పనిచేసే పర్లాకిమిడి మిత్రుడు, ఇక్కడి రాళ్లు ఇటుకల కంటే కొంచెం పెద్దవిగా మాత్రమే ఉన్నాయని ముందుగా గమనించాడు. గైడు అప్పటి నుంచి ఏ వివరమైనా అతని వైపు తిరిగే చెప్పింది!

ఆరు అంతస్తులుగా, 60 మీటర్లకు పైగా లేచిన ఈ కట్టడం రూపశిల్పి ఇమ్‌హోటెప్ అని చెబుతారు. 1992 భూకంపంలో దెబ్బతిన్న దీనికి ఏళ్ల తరబడి మరమ్మతులు చేసి, 2020 మార్చిలో తిరిగి తెరిచారు. ఉత్తరం వైపున కొద్దిగా వెనక్కి వాలిన ఒక రాతి గది ఉంది. దాని ముందు గోడకు ఉన్న రెండు రంధ్రాలలో కన్ను పెట్టి చూస్తే లోపల కూర్చున్న జోసర్ విగ్రహం మనవైపే చూస్తూ ఉంటుంది. అది నకలు, అసలుది కైరోలోని పాత మ్యూజియంలో ఉంది. దగ్గరలోనే ఉన్న ఉనాస్ రాజు పిరమిడ్ బయటికి మట్టిదిబ్బలా ఉన్నా, లోపలి గోడల నిండా చెక్కిన చిత్రలిపి పిరమిడ్ శాసనాలలో (చనిపోయిన రాజు కోసం పిరమిడ్ గోడలపై చెక్కిన మంత్రాలలో) అన్నిటికంటే పాతది కనుక దానిని వదలకూడదు.

దహ్షూర్ అక్కడికి సుమారు పది కిలోమీటర్లు. జనం పలుచన, అమ్మకందారులు ఇంకా పలుచన. ఎడారి అంటే ఏమిటో తెలిసేది ఇక్కడే. వంగిన పిరమిడ్ కింది భాగం సుమారు 54 డిగ్రీల వాలుతో లేచి, నడుమ నుంచి 43 డిగ్రీలకు తగ్గిపోతుంది. కట్టడం నిలవదేమోనన్న భయంతో మధ్యలో వాలు తగ్గించి ఉంటారని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పై తొడుగు రాళ్లు ఇంతగా మిగిలిన పిరమిడ్ ఈజిప్టులో మరొకటి లేదు. ఆ తరువాత అదే రాజు కట్టించిన ఎర్ర పిరమిడ్ మొదటి నుంచి చివరి వరకు తక్కువ వాలుతోనే ఉంటుంది. గైడు తన నోటుపుస్తకంలో ఈ రెండింటి రూపురేఖలనూ పక్కపక్కన గీసి చూపించడం పది నిమిషాల ఉపన్యాసం కంటే బాగా పనిచేసింది.

ఎర్ర పిరమిడ్ లోపలికి వెళ్లడం మాత్రం అందరి వల్లా కాదు. బయట మెట్ల మీదుగా ద్వారం వరకు ఎక్కి, అక్కడి నుంచి నడుం వంచుకుని 60 మీటర్లకు పైగా ఏటవాలు సొరంగంలో దిగాలి. లోపల అమ్మోనియా వాసన ముక్కుపుటాలను మండిస్తుంది. మోకాళ్ల నొప్పులు, ఉబ్బసం ఉన్నవారు బయట ఉండిపోవడమే మేలు. దిగినవారికి కనిపించేది మాత్రం అద్భుతం. ఒక్కో వరస రాయిని కింది వరస కంటే కొంచెం లోపలికి జరుపుతూ సుమారు 12 మీటర్ల ఎత్తు వరకు లేపిన పైకప్పు అది. తల పైకెత్తిన కాంట్రాక్టరు మిత్రుడు, "ఇది మన కళింగ గుళ్ల పనే కదా బావా" అన్నాడు. ముఖలింగం, కోణార్క ఆలయాలలో వాడినది ఇదే పద్ధతి. కోణార్క జగమోహనాన్ని (గర్భగుడి ముందున్న మండపాన్ని) 1903లో ఇసుకతో నింపి మూసివేసినందువల్ల అక్కడ సందర్శకుల కంటపడకుండా పోయిన పనితనాన్ని, ఆ గుడి కంటే మూడున్నర వేల ఏళ్లకు పైగా ముందు కట్టిన గదిలో నిలబడి చూడటం మన ప్రాంతం వారికి మరింత రుచిస్తుందనుకుంటాను. ఈ పోలిక గైడుకు తెలియదు. ఫోనులో ఉన్న కోణార్క ఫొటోలు చూపించగా ఎంతో ఆసక్తిగా అడిగి తెలుసుకుంది.

ఇక విసుగు సంగతి. కార్యక్రమంలో లేకపోయినా, భోజనానికి ముందు మమ్మల్ని ఒక పాపిరస్ కాగితాల దుకాణానికీ, అక్కడి నుంచి ఒక అత్తరు దుకాణానికీ తీసుకువెళ్లారు. వద్దని చెప్పినా "ఐదు నిమిషాలే" అంటూ కూర్చోబెట్టి టీ ఇచ్చి, గంటకు పైగా కాలం హరించారు. ఆ గంటే తరువాత గీజాలో మాకు కొరవడింది. ఇది డ్రైవరు కమీషను వ్యవహారమని తెలుస్తూనే ఉంది. గైడు ముఖంలో కూడా ఇబ్బంది కనిపించింది. భోజనం మాత్రం బాగుంది. శాకాహారులకు అన్నం, మాకరోనీ, పప్పులు, వేయించిన ఉల్లిపాయలు, టమాటా పులుసు కలిపిన కొషరీ, బాకలా గింజలతో మన మసాలా వడలా వేయించే తామియా దొరుకుతాయి. వెంట తెచ్చుకున్న ఆవకాయ సీసా కొషరీతో పాటు ఖాళీ అయింది.

గీజాకు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. 2025 నుంచి ఫయూమ్ రోడ్డు వైపున్న కొత్త ద్వారం దగ్గరే కార్లను ఆపేసి, లోపల విద్యుత్ బస్సులలో తిప్పుతున్నారు. ఏర్పాటు మంచిదే గాని బస్సుల కోసం నిరీక్షణ తప్పదు. మహా పిరమిడ్ లోపలికి వేరే టికెట్టు కొనాలి. మొదట వంగి ఎక్కే ఇరుకు దారిలో ఊపిరాడదు. అది దాటాక 8 మీటర్లకు పైగా ఎత్తున్న మహా నడవలో ఒక్కసారిగా నిటారుగా నిలబడతాం. గోడల వైపు చూడగానే దహ్షూర్‌లో చూసిన పద్ధతే, వరస వరసకూ రాయి లోపలికి జరగడం, గుర్తుపట్టాం. ఆ పైన రాజు గదికి మాత్రం అస్వాన్ గ్రానైట్ దిమ్మెలతో చదునైన కప్పు వేసి, దానిపై బరువు పడకుండా మీద మరికొన్ని ఖాళీ అరలు కట్టారు. ఉదయం నుంచి వరుసగా చూసి ఉండకపోతే ఇదంతా మాకు వట్టి చీకటి గదిగానే మిగిలేది. 23 లక్షల రాళ్లు, మొదట 146 మీటర్ల ఎత్తు అనే లెక్కలు అందరికీ తెలిసినవే.

ఒంటెల వాళ్లతో జాగ్రత్త. ఎక్కడం ఉచితమని చెప్పి, దిగడానికి డబ్బు అడుగుతారు. ఒకే రాతిగుట్ట నుంచి తొలిచిన, 73 మీటర్ల పొడవున్న స్ఫింక్స్ దగ్గర గేటు మూసే వేళ అయిందని కాపలావాళ్లు తరిమినంత పని చేశారు. దుకాణాలలో పోయిన గంట ఉంటే అక్కడ నింపాదిగా నిలబడేవాళ్లం.

ఐదుకు మూడున్నర ఇస్తాను. గైడుకు ఐదు, బండికి నాలుగు, దుకాణాల మజిలీకి సున్నా. ఎవరి దగ్గర కుదుర్చుకున్నా ముందుగా దుకాణాలు ఉండవని రాతపూర్వకంగా అడగండి; వరుస సక్కారా, దహ్షూర్, గీజా అనే పట్టుబట్టండి; ప్రవేశ రుసుములు ధరలో కలిశాయో లేదో తేల్చుకోండి. టికెట్ల కౌంటర్లలో నగదు కాక కార్డే తీసుకుంటారు గనుక, బయలుదేరేముందే బ్యాంకులో విదేశీ చెల్లింపులు తెరిపించుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎండ భరించగలిగేలా ఉంటుంది. 2025 నవంబరులో తెరిచిన కొత్త మహా మ్యూజియాన్ని (గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియాన్ని) ఇదే రోజులో ఇరికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. దానికి ఇంకొక రోజు పెట్టుకోండి.