సేబులా, సింథటిక్కా? మినియేచర్లకు ఏ బ్రష్ మేలు?

మినియేచర్లకు, అంటే వేలెడంత చిన్న బొమ్మలకు, రంగులు వేయడం మొదలుపెట్టిన కొన్నాళ్లకు అందరికీ వచ్చే సందేహమే ఇది. స్టార్టర్ సెట్‌తో వచ్చిన బ్రష్ మొన విచ్చుకుపోయింది. ఇప్పుడు ఖరీదైన కొలిన్‌స్కీ సేబుల్ (జంతువు వెంట్రుకతో చేసిన బ్రష్) కొనాలా, మళ్లీ సింథటిక్‌తోనే నెట్టుకురావాలా? ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అంతా ఒకేచోట రాస్తున్నాను.

నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. ముఖాలకు, అంచుల మీద లేతరంగుతో గీసే హైలైట్లకు, చేత్తో వేసే ఫ్రీహ్యాండ్ గీతలకు మంచి సేబుల్ ఒక్కటి చాలు. మిగతా చాకిరీ అంతా సింథటిక్‌తో చేయించుకోవచ్చు.

చాలామంది మొన చూసి బ్రష్ కొంటారు. మొన సన్నగా ఉండాల్సిందే, కాదనను. కానీ కొత్త బ్రష్ ఏదైనా మొదటి రోజు సన్నగానే ఉంటుంది. అసలు తేడా పొట్ట దగ్గర తెలుస్తుంది. మొనకూ, వెంట్రుకల్ని పట్టి ఉంచే లోహపు గొట్టానికీ మధ్య కాస్త ఉబ్బెత్తుగా ఉండే భాగం అది. రంగు నిలవ ఉండేది అక్కడే. యాక్రిలిక్ రంగులో నీరు ఇగిరిపోతే ఇక అది కదలదు. 28 మిల్లీమీటర్ల బొమ్మ మీద గీసే గీతకు కావలసిన రంగు మరీ కొంచెం. అంత కొంచెం రంగు మొన మీద ఒంటరిగా ఉంటే, ప్యాలెట్ నుంచి బొమ్మ దాకా చెయ్యి వచ్చేలోపే ఆరడం మొదలవుతుంది. వెనక పొట్ట నిండా పల్చటి రంగు ఉంటే అది మొనను తడిగా ఉంచుతూ, చెయ్యి కదిలే కొద్దీ సమంగా దిగుతూ ఉంటుంది.

సేబుల్ గెలిచేది ఇక్కడే. కొలిన్‌స్కీ అంటే సైబీరియన్ వీజిల్ అనే, ముంగిసలా కనిపించే చిన్న జంతువు తోక వెంట్రుక. ఒక్కో వెంట్రుక నడుమ కాస్త లావుగా ఉండి, కొసకు వచ్చేసరికి సూదిలా తేలుతుంది. అలాంటివి కట్టగా కడితే పొట్టా మొనా రెండూ వాటంతటవే ఏర్పడతాయి. పైగా వెంట్రుక ఉపరితలం మీద కంటికి కనపడని పొలుసులు ఉంటాయి, అవి తడిని పట్టి ఉంచుతాయి. సింథటిక్ పోగు నైలాన్‌దో పాలియెస్టర్‌దో. నున్నగా ఉంటుంది కాబట్టి తడి అంతగా నిలవదు. పల్చటి రంగుతో గీత గీస్తే మొదట్లోనే బొట్టుగా దిగిపోయి, చివరికి వచ్చేసరికి ఖాళీ అయిపోతుంది.

కన్ను వేయడాన్నే తీసుకోండి. 1 నంబరు సేబుల్‌ని తడిపి, పల్చన చేసిన రంగును పొట్ట దాకా పీల్చనివ్వాలి. టిష్యూ మీద మెల్లగా తిప్పుతూ ఒక్కసారి ఒత్తితే, పైన ఉన్న అదనపు రంగు పోయి మొన కూడుకుంటుంది. బొటనవేలి గోరు మీద ఒక గీత గీసి చూస్తే రంగు ఎలా దిగుతోందో తెలిసిపోతుంది. ఆ తర్వాతే ముఖం దగ్గరకు వెళ్లాలి. కంటిపాపను నడుమ చుక్కగా పెడితే బొమ్మ దెయ్యాన్ని చూసినట్టు గుడ్లు మిటకరిస్తుంది. పైరెప్ప నుంచి కిందిరెప్ప దాకా చిన్న నిలువు గీతగా లాగితే చూపు సహజంగా ఉంటుంది. ఆ గీత తెగకుండా రావాలంటే మొన చివరిదాకా తడి ఉండాలి. సింథటిక్‌తో కుదరదని అనను. కానీ రెండు కళ్లకూ మధ్య మళ్లీ ప్యాలెట్ దగ్గరకు పోవాల్సి వస్తుంది. తిరిగొచ్చేసరికి రంగు చిక్కదనం మారిపోయి ఉంటుంది.

ఇదే కారణంతో 000, 5/0 లాంటి అతిచిన్న సైజుల సూదిమొన బ్రష్‌లు కొనొద్దని పదేపదే చెబుతుంటాను. చిన్న పనికి చిన్న బ్రష్ అనుకోవడం మామూలే. వాటికి పొట్ట ఉండదు, రంగు నిమిషంలో ఎండి మొన మీద పెచ్చుకడుతుంది. మొన బాగున్న 1 నంబరు బ్రష్ అవి చేసే ప్రతి పనీ చేస్తుంది, ఇంకా నయంగా చేస్తుంది.

మరి సింథటిక్ ఎందుకు పనికొస్తుంది? నిజానికి బొమ్మ మీద ఎక్కువ సమయం గడిపేది దానితోనే. బేస్‌కోట్‌కు, అంటే అడుగున వేసే మొదటి రంగు పూతకు, సన్నటి మొన అక్కర్లేదు. కాస్త బిరుసుగా ఉండే పోగు చిక్కటి రంగును మూలమూలలకూ తోసుకుపోతుంది. వాష్‌లు, అంటే బాగా పల్చటి రంగులు, మడతల్లోకి ఇంకుతూ పోయేవే, వాటికి సేబుల్ వాడితే వృథా. మెటాలిక్ రంగుల్లో మైకా రేకులు ఉంటాయి. అవి వెంట్రుకల మొదట్లో చేరితే ఎంత కడిగినా పూర్తిగా పోవు, తర్వాత వేసే ఎర్రంగీ మీద తళుకులు తేలతాయి. అందుకే మెటాలిక్‌లకు విడిగా ఒక సింథటిక్, దానికి విడిగా ఒక నీళ్ల కప్పు పెట్టుకోండి. ఆయిల్ వాష్‌కు, దానికి వాడే స్పిరిట్‌కు కూడా సింథటికే.

దాని జబ్బు ఒక్కటే, మొన కొక్కెంలా వంగిపోవడం. ప్లాస్టిక్ పోగు ఒకసారి వంగితే ఆ వంపు దానికి అలవాటైపోతుంది. వేడినీళ్లలో కాసేపు ముంచి, వేళ్లతో సరిచేస్తే తిన్నగా అవుతుంది గానీ ఆ బాగు ఎక్కువ రోజులు నిలవదు. వంగిన బ్రష్‌ను పారేయకండి, బేస్‌కోట్‌కు అది ఇంకా చాలాకాలం వస్తుంది. కొందరు ఆ కొక్కెంతోనే కవచాల లోపలి అంచులు అందుకుంటారు.

సేబుల్ కొనే ముందు మిమ్మల్ని మీరు వేసుకోవాల్సిన ప్రశ్న డబ్బు గురించి కాదు, ఓపిక గురించి. రంగును వెంట్రుకల్లో సగం దాకానే ముంచాలి. లోహపు గొట్టంలోకి రంగు చేరి ఎండితే వెంట్రుకలు లోపలి నుంచే విడిపోతాయి. ఆ తర్వాత బ్రష్ ఎంత గొప్పదైనా మొన రెండుగా చీలుతుంది. పని మధ్యలో తరచూ కడగాలి. నీళ్ల కప్పులో మొన కిందికి పెట్టి వదిలేయకూడదు. చివర్లో బ్రష్ సబ్బుతో కడిగి, వేళ్లతో మొన తీర్చి, అడ్డంగా పడుకోబెట్టి ఆరనివ్వాలి. తడి ఉండగా ప్లాస్టిక్ మూత తొడగకూడదు. నోట్లో పెట్టి మొన తీర్చే అలవాటు చాలామందికి ఉంది. కొన్ని రంగుల్లో కాడ్మియం లాంటివి ఉంటాయి కాబట్టి మానుకోవడం మంచిది. ఇదంతా పాటిస్తే సేబుల్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఇంత తతంగం నా వల్ల కాదనుకుంటే మాత్రం కొనకండి. నిర్లక్ష్యంగా వాడితే రెండు రకాలూ ఒకే వేగంతో పాడవుతాయి, ఖరీదైనది పోతే బాధ ఎక్కువ.

బ్రాండ్ల మాట. విన్సర్ అండ్ న్యూటన్ సిరీస్ 7 అన్నిటికంటే పేరున్నది, 1866లో విక్టోరియా మహారాణి కోసం మొదలైన వరస. అందులోనే ‘మినియేచర్’ అని ఇంకో రకం ఉంది. పేరు చూసి మన కోసమే అనుకుంటాం. వెంట్రుక పొట్టిగా ఉండి రంగు తక్కువ పడుతుంది, నేనైతే మామూలు సిరీస్ 7 వైపే ఉంటాను. రఫాయెల్ 8404, డా విన్చి మేస్ట్రో సిరీస్ 10, రోజ్‌మేరీ సిరీస్ 33 కూడా మంచివే. నంబర్లు మాత్రం ఒక కంపెనీవి ఇంకో కంపెనీతో సరిపోలవు, వెంట్రుక పొడవు చూసి కొనండి. ఒకే కంపెనీ బ్రష్‌లలో కూడా ఒకటి బాగుండి ఇంకొకటి బాగోకపోవచ్చు. షాపులో కొంటే, పై జిగురు పోయేలా నీళ్లలో ముంచి, ఒక్క విదిలింపు విదిలించి చూడనిమ్మని అడగండి. మొన తనంతట తాను కూడుకోవాలి.

జంతువు వెంట్రుక వద్దనుకునేవారి మాటా కాదనలేనిదే. ఆ వీజిల్‌లను పెంచి బ్రష్‌లు చేయరు, వేటాడి తెచ్చిన తోకల నుంచే చేస్తారు. వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందంలోని మూడో అనుబంధంలో భారత్ సైబీరియన్ వీజిల్‌ను చేర్పించింది. 2013లో అమెరికాలో ఈ బ్రష్‌ల దిగుమతులు కాగితాల చిక్కుల్లో ఇరుక్కున్నాయి కూడా. ఎస్కోడా వెర్సాటిల్ లాంటి, సేబుల్‌ను అనుకరించే సింథటిక్‌లు మామూలు వాటికంటే తడిని బాగా పడతాయి. పూర్తిగా సింథటిక్‌తోనే నడవాలనుకుంటే డబ్బు అక్కడ పెట్టండి.

డ్రైబ్రషింగ్‌కు, అంటే దాదాపు ఆరిన బ్రష్‌తో ఎత్తైన చోట్ల రుద్దడానికి, రెండూ వద్దు. గుండ్రటి మేకప్ బ్రష్ చాలు, గీతలు పడకుండా మెత్తగా వస్తుంది. బొమ్మ నిలబడే బేస్‌ల మీద జిగురు రాయడానికి, ఇసుక అంటించడానికి చేతికందిన పాత బ్రష్ ఏదైనా ఒకటే.