జాంగో డాక్యుమెంటేషన్: పలాసలో ఎనిమిదేళ్ళ వాడకం

పలాసలో జీడిపప్పు వ్యాపారులకు స్టాకు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిపెట్టడం నా పని. దానికి వాడేది జాంగో, పైథాన్‌లో వెబ్ సాఫ్ట్‌వేర్ కట్టే ఫ్రేమ్‌వర్క్. 2017లో వెర్షన్ 1.11తో మొదలుపెట్టాను, ఇప్పుడు 5.2 నడుస్తోంది. ఇన్నేళ్ళలో దాని డాక్యుమెంటేషన్లో నేను ఎక్కువగా తెరిచింది క్వెరీసెట్ ఏపీఐ రిఫరెన్స్, అంటే డేటాబేస్‌లోంచి సమాచారం తీయడానికి, మార్చడానికి ఉన్న మెథడ్‌ల (ఆదేశాల) జాబితా.

ఆ పేజీ చాంతాడంత ఉంటుంది. మొదటినుంచి చివరిదాకా ఎవరూ చదవరు. నేనూ చదవలేదు, దానికి శాస్తి కూడా జరిగింది. ఓ సీజన్లో 320 రకం గుండు పప్పు (పౌండుకి సుమారు 320 పలుకులు తూగేది) రేటు మారితే, ఒక్క అప్‌డేట్ లైనుతో లాట్లన్నిటికీ కొత్త రేటు ఎక్కించేశాను. సాయంత్రం షావుకారు ఫోను: "ఏటి బాబూ, రేటేమో కొత్తది, తేదీ పాతది. ఏది నమ్మాల?"

తేదీ ఫీల్డుకి ఆటో నౌ (తేదీని తనంతట తనే వేసే సెట్టింగు) పెట్టే ఉంది. రెండు గంటలు తల బద్దలు కొట్టుకుని మోడల్ ఫీల్డ్ రిఫరెన్స్ తీస్తే, ఆటో నౌ కిందే రాసి ఉంది: సేవ్ మెథడ్ పిలిస్తేనే తేదీ మారుతుంది, క్వెరీసెట్ అప్‌డేట్‌తో మారదు. అప్‌డేట్ నేరుగా డేటాబేస్‌కి ఎస్‌క్యూఎల్ ఆదేశం పంపేస్తుంది, సేవ్ జోలికి పోదు, సేవ్ అయిందని మిగతా కోడ్‌కి చెప్పే సిగ్నల్సూ రావు. ఆ లైన్లోనే తేదీ కూడా ఇస్తే సరిపోయింది. ఒకేసారి బోలెడు రికార్డులు చేర్చే బల్క్ క్రియేట్ కూడా సేవ్ పిలవదు, సిగ్నల్స్ పంపదు, అదీ రాసే ఉంది. అప్పటినుంచి ఏ మెథడ్ కిందైనా గమనికలు చదివాకే కోడ్ కాపీ చేస్తున్నాను.

ఈ డాక్యుమెంటేషన్ మొత్తాన్ని జిప్ ఫైలుగా దించుకోవచ్చు, అది నాకు బాగా కలిసొచ్చింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటలన్నీ పడగొట్టేశాక రోజుల తరబడి కరెంటు లేదు, నెట్టూ లేదు. జనరేటర్ ఉన్న ఇంట్లో ల్యాప్‌టాప్ ఛార్జింగ్ పెట్టుకుని, ఆ ఫైళ్ళే ముందేసుకుని పని చేశాను.

చిరాకులూ ఉన్నాయి. గూగుల్లో వెతికితే ఎప్పటిదో పాత వెర్షన్ పేజీ వస్తుంది. పైన హెచ్చరిక ఉంటుంది గానీ తొందరలో ఎవరు చూస్తారు? క్లాస్ బేస్డ్ వ్యూల (వెబ్ పేజీలు చూపించే క్లాసుల) దగ్గరైతే ఏ మెథడ్ ఏ తాతగారి (పై క్లాసు) నుంచి వచ్చిందో తేలాలంటే నాలుగు పేజీలు తిరగాలి. వాటికి నేను క్లాసీ క్లాస్ బేస్డ్ వ్యూస్ అనే వేరే సైటే చూస్తాను. ఉదాహరణల్లో ఎప్పుడూ బ్లాగు, ఎంట్రీ, ఆథరే. జీడిగింజల బస్తాకి అన్వయించుకోవడం మన తంటా.

మొన్న నా దగ్గర చేరిన కుర్రాడు నన్ను చూసి నేరుగా రిఫరెన్సే తెరిచాడు. రెండోరోజు "అన్నా, ఇది ఎక్కడ మొదలవుతాది?" అన్నాడు. ఆ పేజీ మూయించేసి, కొత్తవాళ్ళ కోసం అందులోనే ఉన్న పోల్స్ ట్యుటోరియల్ దగ్గర కూర్చోబెట్టాను.