లాసెన్ దారిలో మోటెల్ దోపిడీ, చికోలో బీరు ఫ్యాక్టరీ

ఉత్తర కాలిఫోర్నియాలోని లాసెన్ అగ్నిపర్వతం చూడాలని బయల్దేరాం. ఇంటికొచ్చాక మాత్రం మా ఇంట్లో మాటలన్నీ చికో ఊళ్ళో ఉన్న సియెర్రా నెవాడా బీరు ఫ్యాక్టరీ గురించీ, ఆ ముందు రాత్రి మమ్మల్ని నిలువునా దోచిన ఒక మోటెల్ గురించీ. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతోనో అత్తమామలతోనో శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి ఉత్తరానికి వెళ్ళాలనుకునేవాళ్ళకి రెండూ పనికొస్తాయని రాస్తున్నాను. పెద్దవాళ్ళని బీరు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళడమేమిటని అనుకోవద్దు. ఈ ప్రయాణంలో మా మామయ్యగారు అన్నిటికంటే ఎక్కువ ప్రశ్నలు వేసింది అక్కడే.

మేం ఐదుగురం: నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ బాబు, తణుకు దగ్గర పల్లె నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు. ఫ్రీమాంట్‌లో పొద్దున్నే బయల్దేరి, 505 హైవే మీదుగా ఐ-5 హైవే ఎక్కి, మధ్యాహ్నానికి లాసెన్ చేరాం. లోపలికి వెళ్ళడానికి కారుకి 30 డాలర్లు. పొగలు కక్కే గుంటలు, ఉడికే బురద, జూలైలో కూడా మిగిలిన మంచు, అన్నీ బాగున్నాయి. 2021లో డిక్సీ ఫైర్ అనే కార్చిచ్చులో కాలిపోయిన చెట్లు మైళ్ళకొద్దీ నల్లటి కర్రల్లా నిలబడి ఉంటే అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు.

రాత్రికి రెడ్ బ్లఫ్, రెడింగ్ నడుమ ఒక మోటెల్‌లో దిగాం. పేరు రాయను. ఆన్‌లైన్‌లో 129 డాలర్లు చూపించారు. కౌంటర్ దగ్గరికెళ్ళేసరికి అది పన్ను కాకుండానే 162 అయింది: 18 డాలర్లు "ప్రాపర్టీ ఫీజు", ఐదో మనిషికి 15. బుకింగ్‌లో ఐదుగురం అని రాశాం కదా అంటే కంప్యూటర్‌లో నలుగురే కనిపిస్తున్నారన్నాడు. పైగా 150 డాలర్ల డిపాజిట్. గదిలో ఏసీ చప్పుడు చేస్తోంది గానీ చల్లబడటం లేదు. రాత్రి పదింటికి కూడా బయట వేడిగాలే. రెండుసార్లు కిందికి వెళ్ళి చెప్తే ఒక టేబుల్ ఫ్యాన్ ఇచ్చారు. మామయ్యగారు తువ్వాలు తడిపి మెడ మీద వేసుకుని కుర్చీలోనే తెల్లారేదాకా కూర్చున్నారు. బ్రేక్‌ఫాస్ట్ ఉచితమని బోర్డు పెట్టారు. ఉన్నది కాఫీ మిషను, ప్లాస్టిక్ సంచుల్లో మఫిన్లు.

అసలు కథ తర్వాత. మేం ఇంటికొచ్చాక క్రెడిట్ కార్డు మీద 250 డాలర్లు పడింది. ఫోన్ చేస్తే, గదిలో వంట చేశారు, వాసన పోవడానికి శుభ్రం చేయించాం అన్నారు. మేం చేసిందల్లా ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర వాళ్ళ మైక్రోవేవ్‌లోనే వేడి చేసుకోవడం, అత్తయ్యగారు ఆవకాయ సీసా మూత తీయడం. వాళ్ళు పెట్టిన మైక్రోవేవ్ వాడుకున్నందుకు జరిమానా! మా భోజనం వాసనని ఒక నేరంలా మాట్లాడిన ఆ గొంతు నాకింకా మంటగానే ఉంది. గది ఖాళీ చేసేటప్పుడు మా ఆయన అలవాటుగా వీడియో తీశారు, అదే కాపాడింది. బ్యాంకులో ఫిర్యాదు చేసి ఆ వీడియో పంపితే 250 వెనక్కి వచ్చింది. 18, 15 రాలేదు. ఎక్కడ దిగినా సరే, తాళం ఇచ్చేముందు గది, బాత్రూం, చెత్తబుట్ట అన్నీ వీడియో తీసి ఉంచుకోండి.

మర్నాడు 36వ నంబరు, తర్వాత 32వ నంబరు రోడ్డు మీదుగా చికో దిగాం. దారి పొడుగునా మళ్ళీ కాలిన అడవే. 2024లో చికో పార్కులో మొదలై 4 లక్షల ఎకరాలు దాటి తగలబెట్టిన పార్క్ ఫైర్ అనే కార్చిచ్చు ఇటే పాకింది. నిద్రలేక అందరూ చిరాగ్గా ఉన్నారు. బీరు ఫ్యాక్టరీ అనగానే మామయ్యగారు, "ఏమ్మా, ఇంత దూరం తీసుకొచ్చి సారా బట్టీ చూపిస్తావా?" అన్నారు. అత్తయ్యగారికి ఆ రోజు శనివారం నియమం. కారులోనే కూర్చుంటానన్నారు. బయట 106 డిగ్రీల ఫారెన్‌హీట్.

కారు ఆపిన చోటే మామయ్యగారి చిరాకు కొంత తగ్గింది. పార్కింగ్‌లో కార్లకి నీడ ఇస్తున్నది సోలార్ పలకలు. ఫ్యాక్టరీ కప్పు మీదా ఇక్కడా కలిపి 10,000కి పైగా ఉన్నాయి. "ఎండ కాసేచోట పందిరీ అదే, కరెంటూ అదే" అని ఆయనే ముందు నడిచారు.

ఈ కంపెనీ ఇక్కడే పుట్టింది. కెన్ గ్రాస్‌మన్ అనే కుర్రాడు చికోలో ఇంట్లో బీరు కాచుకునేవాళ్ళకి సామాన్లమ్మే చిన్న దుకాణం నడిపేవాడు. బ్యాంకులు పెద్దగా అప్పివ్వని రోజుల్లో, పాత పాల డెయిరీల్లో వదిలేసిన స్టీలు తొట్లు ఏరుకొచ్చి, తానే వెల్డింగ్ చేసుకుని, 1980లో మొదటి బీరు కాచాడు. ఇప్పుడున్న ఫ్యాక్టరీ 1980ల చివర్లో కట్టింది. జర్మనీ నుంచి తెచ్చిన పెద్ద రాగి గుండిగలు లోపల తళతళలాడుతుంటాయి. నేటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. పారేసిన ఇనుముతో మొదలుపెట్టిన మనిషి దేన్నీ తేలిగ్గా పారేయడని నాకు అక్కడ తిరుగుతున్నంతసేపూ అనిపించింది.

టూరు ముందే బుక్ చేసుకోవాలి, వేళ్ళు కనిపించే చెప్పులు వద్దు. నేనూ మామయ్యగారూ వెళ్ళాం. గైడ్ చెప్పేది నేను తెలుగులో చెప్తున్నాను. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని నలగ్గొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, తీపి రసం దింపుతారు. మిగిలేది తడి పిప్పి. అది వినగానే మామయ్యగారు నన్ను ఆపారు. "పిప్పి ఏం చేస్తారో అడుగమ్మా." ఆయన జీవితమంతా గేదెల్ని మేపిన మనిషి. మా బంధువొకాయన పటాన్‌చెరు దగ్గర డెయిరీ పెట్టి, సంగారెడ్డి వైపు బీరు ఫ్యాక్టరీల నుంచి ఈ పిప్పే తెచ్చి దాణాలో కలుపుతాడు. పిప్పిలో నాలుగింట మూడొంతులు నీళ్ళే. ఆరబెడితే మాంసకృత్తులు నూటికి 20 పాళ్ళకు పైనే. ఎండాకాలంలో ఒకట్రెండు రోజుల్లోనే పులిసి బూజు పడుతుంది, అందుకే దూరం పంపలేరు. చుట్టుపక్కల పశువుల పెంపకందార్లకే వెళ్తుందని గైడ్ చెప్పింది. "అదీ! ఊళ్ళో పశువులుంటేనే ఫ్యాక్టరీ శుభ్రంగా ఉంటుంది" అన్నారు మామయ్యగారు. నేను రాయాలనుకున్న మాట ఆయన అనేశారు. ఊరికి కంపెనీ ఎంత అవసరమో, కంపెనీకి ఊరూ అంతే అవసరం. అది తెలిసిన చోటే ఇలాంటి పనులు నిలబడతాయి.

తర్వాత ఆయన నీళ్ళ గురించి అడిగారు. దానికి ఒక కారణం ఉంది. ఆయన చిన్నప్పుడు ఒక స్పిరిట్ ఫ్యాక్టరీ వాళ్ళ ఊరి కాలవలోకి నల్లనీళ్ళు వదిలేది. చేపలు తేలిపోయేవి, పశువులు ఆ నీళ్ళకి మూతి పెట్టేవి కావు. మొలాసెస్ (చక్కెర తీశాక మిగిలే పాకం) నుంచి లీటరు స్పిరిట్ తీస్తే పది లీటర్లకు అటూఇటూగా ఆ నల్లనీళ్ళు మిగులుతాయి. బీరు కంపెనీ మురుగు అంత ఘాటైనది కాదు, రెండిటినీ ఒక గాటన కట్టకూడదు. అయినా అందులో చక్కెర, ఈస్టు ఉంటాయి. ఊరి డ్రైనేజీలోకి అలాగే వదిలితే ఆ భారం మున్సిపాలిటీ మీద, అంటే పన్ను కట్టేవాళ్ళ మీద పడుతుంది. ఇక్కడ ఆ పని కంపెనీయే నెత్తిన వేసుకుంది. గాలి తగలని ట్యాంకుల్లో సూక్ష్మజీవులు మురుగులోని చక్కెరల్ని తినేసి గ్యాస్ వదులుతాయి, మన గోబర్ గ్యాస్ లాగానే. ఆ గ్యాస్‌ని మళ్ళీ ఫ్యాక్టరీలోనే మండిస్తారు. బీరు పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్‌నీ పట్టి వాడుకుంటారు. వంటగది చెత్త కోసం 2010లో న్యూజిలాండ్ తయారీ కంపోస్టు యంత్రం పెట్టారు, అమెరికాలో అలాంటిది అదే మొదటిది. ఆ ఎరువు వాళ్ళ హాప్స్ (బీరుకి చేదు ఇచ్చే పూలు) తోటకీ కూరగాయల మడికీ వెళ్తుంది. ఉద్యోగుల పసిపిల్లల కోసం ఆవరణలోనే సంరక్షణ కేంద్రం నడిపారని కూడా విన్నాం.

అంతా మెచ్చుకోలేను. బార్లీలో ఎక్కువ భాగం దూరం నుంచే రావాలి; రైలులో తెప్పించుకోవడం వల్ల లారీలు తగ్గాయి, అంతే. బాగా నడిచే బ్రూవరీలోనైనా లీటరు బీరుకి మూడు నాలుగు లీటర్ల నీళ్ళు పోతాయి, కాలిఫోర్నియాలో అది చిన్న విషయం కాదు. తూర్పు రాష్ట్రాలకి సీసాలు మోసుకెళ్ళడం తగ్గించడానికి 2014లో నార్త్ కరోలినాలోని మిల్స్ రివర్‌లో రెండో ఫ్యాక్టరీ పెట్టారు, అది మంచి పని. కానీ గిఫ్టు షాపులో ధరలు మాకు మింగుడుపడలేదు. బాబు అడిగిన టోపీ కొనకుండానే బయటికొచ్చాం, వాడు సాయంత్రం దాకా అలిగాడు.

భోజనం మాత్రం ఆశ్చర్యం. అత్తయ్యగారిని బతిమాలి రెస్టారెంట్‌లో బీరు గుండిగలకి దూరంగా కూర్చోబెట్టాం. సర్వర్ అమ్మాయి ఆవిడ నియమం విని, మాంసం తగలని వాటిని ఒక్కొక్కటీ లోపల అడిగొచ్చి చెప్పింది. మెనూలో ఉప్పు చల్లిన పెద్ద మెత్తటి ప్రెట్జెల్ (ముడివేసి కాల్చిన రొట్టె), దాంతో ఆవపిండి పచ్చడి ఉన్నాయి. ఆవఘాటు ముక్కుకెక్కగానే అత్తయ్యగారి ముఖం విప్పారింది. "ఇది మన ఆవే!" అని ఇంకొకటి తెప్పించమన్నారు. ఆ ముందు రాత్రి ఇదే ఆవ వాసనకి మా మీద నింద పడబోతోందని అప్పటికి మాకు తెలియదు. పిజ్జా, సలాడ్, ప్రెట్జెళ్ళు, మా ఆయన రుచి చూసిన చిన్న గ్లాసులు, అన్నీ కలిపి టిప్పుతో 96 డాలర్లు. కారు నడిపేది నేను కాబట్టి నిమ్మరసంతో సరిపెట్టుకున్నాను. ఒకరు తప్పకుండా తాగకుండా ఉండాలి, ఆ రోడ్లు అలాంటివి.

సాయంత్రం ప్యారడైజ్ అనే ఊరి దాకా వెళ్ళాం, స్కైవే అనే రోడ్డు మీద అరగంట లోపే. 2018 నవంబర్ 8న క్యాంప్ ఫైర్ అనే కార్చిచ్చులో ఆ ఊరు దాదాపు మొత్తం బూడిదైంది. 85 మంది పోయారు, 18,000కి పైగా కట్టడాలు కాలాయి. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళలో చాలామంది చికోకే వచ్చారు. ఇప్పుడు కొత్త ఇళ్ళు లేచాయి, వాటి మధ్య ఇంటికి దారితీసే సిమెంటు బాటలు మాత్రం మిగిలిన ఖాళీ స్థలాలూ ఉన్నాయి. అప్పట్లో సియెర్రా నెవాడా లక్ష డాలర్లతో సహాయనిధి మొదలుపెట్టి, రెసీలియన్స్ అనే బీరు కాచి, అమ్మిన ప్రతి పైసా బాధితులకే అంది. ఆ బీరు కాచే పద్ధతిని దేశంలోని బ్రూవరీలన్నిటికీ ఇచ్చి మీరూ కాచండి అని అడిగింది. 1,400కి పైగా బ్రూవరీలు ముందుకొచ్చాయి. మాల్టు (మొలకెత్తించిన బార్లీ), హాప్స్ అమ్మే కంపెనీలు సరుకు విరాళంగా ఇచ్చాయి. మాటిచ్చిన కొందరు డబ్బు పంపడంలో బాగా ఆలస్యం చేశారని కూడా ఆ తర్వాత వార్తలొచ్చాయి. అయినా పక్క ఊరు తగలబడ్డప్పుడు, తనకు చేతనైన పనినే సాయంగా మార్చిన కంపెనీని నేను గౌరవిస్తాను.

మీరు వెళ్తే లాసెన్ చూసి చికోలోనే రాత్రి బస చేయండి, ఐ-5 పక్కన వద్దు. జూలై, ఆగస్టుల్లో పొగ ఉందేమో ఎయిర్‌నౌ అనే గాలి నాణ్యత సైటులో చూసుకోండి; మే నెలాఖరు ఎండ తక్కువే గానీ లాసెన్ రోడ్డు మంచుతో మూసి ఉండొచ్చు, సెప్టెంబర్ నయం. తిరుగుదారిలో 99 మీద యూబా సిటీ గురుద్వారాలో అందరికీ ఉచితంగా పెట్టే లంగరు భోజనం వదులుకోవద్దు, మా అత్తయ్యగారు కడుపునిండా తిన్నది అక్కడే.

మామయ్యగారు చికోలో తీసిన ఫోటోలన్నీ ఆ రాత్రే పటాన్‌చెరు బంధువుకి పంపారు. ఆయన వెంటనే ఫోన్ చేసి, "అన్నీ సరే గానీ బావగారూ, పిప్పి టన్ను ఎంతకిస్తున్నారంట అక్కడ?" అని అడిగాడు. అది మాకు టూరులో చెప్పలేదు. కంపెనీకి మెయిల్ రాసి కనుక్కోమని మామయ్యగారు పట్టుబట్టారు. రాశాను.